నల్లగొండలో పెంకుపురుగు స్థిరనివాసం గురించి

ఈ డైరీని ఏనాడైనా, ఏ కారణంచేతనైనా తెరిచి చూసే అధికారం కలిగిన వారి సముఖానికి సవినయంగా మనవి చేసుకునేది ఏమనగా—

ఇది నేను నా కోసం మాత్రమే రాసుకుంటున్నాను. అయినా ఈ రాష్ట్రంలో ఒక కాగితం దాన్ని రాసినవాడి దగ్గరే ఆగిపోయిన దాఖలా నా ఎరుకలో లేదు. కాబట్టి మీరు చదువుతారన్న నమ్మకంతోనే, చదవవద్దని కోరుతున్నాను.

నా పేరు అప్పలస్వామి. స్వస్థలం భీమునిపట్నం. జంతుశాస్త్రంలో ఎం.ఎస్‌సి. ఓడల అడుగునా, రేవు స్తంభాలకూ తెల్లని పొక్కుల్లా పట్టే బార్నకిల్ అనే పెంకుపురుగు నా పరిశోధనాంశం. నీళ్లలో స్వేచ్ఛగా ఈదే దాని పిల్ల, ఒకానొక క్షణాన ఒకచోట తల ఆనించి, ఆ పైన జీవితాంతం అక్కడే ఎలా అతుక్కుపోతుందన్నది నా ప్రశ్న. ఉద్యోగపు దరఖాస్తులో 'ప్రత్యేక పరిజ్ఞానం' అన్నచోట 'సాగర జీవులు' అని రాశాను. దాన్ని పరిశీలించిన పెద్దలు, ప్రస్తుతం సాగర్ అనేది నల్లగొండ జిల్లాలో కడుతున్నారు గనుక, నన్ను నల్లగొండ కళాశాలలో నియమించారు. వారి తర్కంలో దోషం లేదు. భూగోళమే సహకరించలేదు.

1960 నవంబరు 3

సముద్రం ఉన్న ఊరికి బదిలీ చేయమని జులైలో పెట్టుకున్న విన్నపానికి జవాబు వచ్చింది. 'జిల్లాలో సాగర్ నిర్మాణం చురుకుగా సాగుతున్నందున అర్జీదారు ఓపిక పట్టవలసినది.'

పడుతున్నాను.

నవంబరు 9

నివాసం గురించి కొంత నమోదు చేయటం సబబు. నేనుండేది లింగస్వామి గారనే నేతపనివారి ఇంట్లో, వీధివైపు గదిలో. ఇక్కడ గదిని అర్ర అంటారు. ఆయన చిటికి పనిలో పేరున్నవారు. నూలుపోగులకు లెక్క ప్రకారం ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి పడ్డచోట రంగు పట్టదు, విప్పితే అక్కడ పువ్వు ఉంటుంది. భార్య నర్సింగమ్మ గారు పోగును మేకుల చుట్టూ తిప్పి ఆసు పోస్తారు. ఆమె చెయ్యి పోగుతో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, నోరు దాని మానాన అది పనిచేస్తుంది.

అర్ర కిరాయికి ఇచ్చే ముందు లింగస్వామి గారు నన్ను ఒకే ప్రశ్న అడిగారు.

"మీరు ఏమిటోళ్లు సారు?"

"పద్మశాలీలం."

"గట్లనా! సముద్రం కాడ గూడ మనోళ్లున్నరన్నట్టు. చేపలు నేస్తరా ఏంది?"

పెద్దవాళ్లు ఎవరున్నారని అడిగితే, తల్లిదండ్రులు లేరనీ మేనమామ పెంచాడనీ చెప్పాను. నర్సింగమ్మ గారు ఆ పూట నుంచి నా విస్తట్లో ఒక రొట్టె ఎక్కువ వేస్తున్నారు.

వారికి ఒక్కతే కూతురు, మంజులత గారు. బాలికల పాఠశాలలో తెలుగు చెబుతారు. ఆమె గురించి ఈ డైరీలో రాయవలసింది ఏమీ లేదు.

నవంబరు 10

పై విషయం నిన్ననే రాశాను. ఈరోజు ఆమె ఆకుపచ్చ చీర కట్టుకున్నారు. ఇది కూడా డైరీ పరిధిలోకి రాదు.

నవంబరు 21

వాల్తేరు నుంచి మిత్రుడి ఉత్తరం. అతుక్కునే దశకు వచ్చిన పిల్లపురుగులను థర్మాస్ ఫ్లాస్కులో సముద్రపు నీళ్లతో సహా పంపుతున్నాడు. రైలు గార్డు ఆలేరు స్టేషన్లో అందజేస్తాడట. ఆ దశలో అవి తిండి తినవు కనుక దారిఖర్చు పెట్టనవసరం లేదని చమత్కరించాడు.

నవంబరు 27

ఆలేరు వెళ్లివచ్చాను. ప్రయోగశాలలో అటెండరుగా పనిచేసే పీర్ మహమ్మద్ తోడు వచ్చాడు. గార్డు ఫ్లాస్కును నా చేతిలో పెట్టి, లోపల ఏముందో అడక్కుండానే పచ్చజెండా ఊపాడు. అటువంటి అధికారులు ఇంకా ఉన్నారు.

పీర్ మహమ్మద్ ఫ్లాస్కును చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"సారు, గింత డబ్బల సముద్రం పట్టిందా?"

"కొంత పట్టింది."

"మిగిలింది ఆడనే ఉన్నదా?"

"ఉంది."

"ఐతే ఫికర్ లేదు. తక్కువ వడితె మల్ల తెప్పిద్దాం."

తిరుగు ప్రయాణంలో బస్సులో పక్కన కూర్చున్న ఒక అవ్వ చాలాసేపు ఫ్లాస్కునే చూసి అడిగింది.

"కొడుకా, జర చాయ పోసి గొంతు తడుపరాదూ?"

"అవ్వా, ఇది చాయ కాదు. ఇందులో ప్రాణులున్నాయి."

"చాయ అడిగితె పాణం ఉన్నదంటుండు! ఇయ్యనంటె ఇయ్యనను. పాణాల దాక ఎందుకు?"

పీర్ మహమ్మద్ కలగజేసుకున్నాడు. "నిజమే అవ్వా. అండ్ల పురుగులున్నయ్."

"పురుగులు వడ్డంక గూడ ఎవ్వలకియ్యకుండ సంకల వెట్టుకున్నడా! ఎవ్వల కొడుకో గని, మంచి పొదుపు."

బస్సంతా నా వైపు గౌరవంగా చూసింది.

నవంబరు 28

గాజుతొట్టిని తడి ఇసుక పోసిన మట్టిగోలెంలో దించి, చల్లగా ఉండేటట్టు ఏర్పాటు చేశాను. కళాశాలవారు సూక్ష్మదర్శినిని ఇంటికి తీసుకుపోవటానికి అనుమతించారు. పురుగులు క్షేమం.

ఎన్నిసార్లు చూసినా నా ఆశ్చర్యం తగ్గదు. అది ఆవగింజలో సగం కూడా ఉండదు. అద్దంలో చూస్తే రెండు కందిబద్దల మధ్య ఇమిడినట్టుంటుంది. తల ముందున్న రెండు మీసాలే దానికి పాదాలు. ఒకటి ఆనిస్తుంది, ఒకటి ఊడదీస్తుంది, ఒక అడుగు వేస్తుంది. ఆగి తడుముతుంది. వెనక్కి తిరిగి, తాను తడిమిన చోటునే మళ్లీ తడుముతుంది. తిండి లేదు. ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే ఈ తనిఖీ అంతా జరగాలి. ఇంత శ్రద్ధగా తనిఖీ చేసిన అధికారిని నేను నా సర్వీసులో చూడలేదు.

సాయంత్రం మంజులత గారు చెంబుతో నీళ్లు తెచ్చి, చూడవచ్చునా అని అడిగారు. విజ్ఞానవ్యాప్తి దృష్ట్యా అనుమతించాను.

"గిదేం చేస్తాంది?"

"స్థలం పరిశీలిస్తోంది."

"జాగ ఎతుకుతాందన్నట్టు. దొరకకుంటె?"

"లేచి ఇంకోచోటికి ఈదుకుంటూ పోతుంది."

"దొరికితె?"

"తల ఆనించి, మీసాల్లోంచి సిమెంటు వంటి పదార్థం వదిలి, అతుక్కుపోతుంది. ఇక కదలదు."

"అతుకవడ్డంక ఆ జాగ మంచిగ లేదని తెలిస్తె?"

"చేయగలిగింది లేదు. అందుకే ముందుగా అంత పరిశీలన."

ఆమె అద్దం మీదనుంచి కన్ను తీయకుండానే అన్నారు. "మాకన్న నయం. మా పరిశీలన పెద్దోళ్లే చేసి వెడ్తరు."

డిసెంబరు 1

పురుగులకు నాలుగు రకాల ఉపరితలాలు సమర్పించాను: గాజుపలక, నాపరాయి, కుండపెంకు, ఈ ఊరి నల్లరాయి ముక్క. నాలుగింటినీ పరిశీలించి, నాలుగింటినీ తిరస్కరించాయి. కారణాలు తెలపలేదు.

మంజులత గారు ఈరోజూ వచ్చి చూశారు. నిన్నా వచ్చారు.

డిసెంబరు 4

వీధివైపు అర్రలో బండ్ల దుమ్ము లేస్తోంది, వెలుతురు చాలటం లేదు. ఇంటి లోపలి అర్రకు ఉత్తరం వైపు కిటికీ ఉంది. ఆ వెలుతురు సూక్ష్మదర్శినికి అనువైనది. ఈ సంగతి మంజులత గారితో ప్రస్తావించాను. నేను అన్న మాటలు, జ్ఞాపకం ఉన్నంతలో, ఇవి: "నిజం చెప్పాలంటే నాకు మీ ఇంటి లోపలే శాశ్వతంగా ఉండిపోవాలని ఉంది. ఈ మాట మీ నాన్నగారిని అడగటానికి మొహమాటంగా ఉంది."

ఆమె చేతిలోని చెంబును బల్ల మీద పెట్టారు.

"నేను చెప్పాల్నా?"

"చెబితే మేలు."

ఆమె చెంబు ఇక్కడే మరిచి వెళ్లిపోయారు. సాధారణంగా మరుపు లేని మనిషి.

డిసెంబరు 6

లింగస్వామి గారు మగ్గం దిగి, చేతులు కడుక్కుని, కండువా వేసుకుని నా అర్రకు వచ్చారు. గది మార్పు వంటి చిన్న విషయానికి కండువా అవసరం లేదు. ఈ ప్రాంతపు మర్యాద అలాంటిది.

"పిల్ల చెప్పింది సారు. నాకు నమ్మబుద్ధి గాలె. నిజంగనేనా?"

"నిజమే. మీకు ఇబ్బంది అయితే వద్దు."

"ఇబ్బందా! సదువుకున్న మనిషిని, మా ఇంటికి ఇల్లుటం వస్తరా అని అడుగుటానికే నాకు నోరు రాకపాయె."

'ఇల్లుటం' అన్న పదం నాకు కొత్త. అయితే అర్థం గ్రహించటం కష్టం కాలేదు. 'ఇల్లు' అన్నది స్పష్టం. వీధి అర్ర కిరాయి నుంచి ఇంటిలోపలి కిరాయికి మార్పును తెలిపే నిజాం కాలపు రెవెన్యూ పదమై ఉంటుంది.

"తప్పకుండా వస్తాను," అన్నాను.

"కొందరు నామోషి అనుకుంటరు సారు. నలుగురు నవ్వుతరని."

"ఇందులో నామోషీ ఏముంది? వెలుతురు కావలసినవాడు వెలుతురున్న చోటికి వస్తాడు."

లింగస్వామి గారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "వెలుతురంటివా బిడ్డా," అన్నారు. ఇంతవరకూ నన్ను 'మీరు' అన్నవారు 'నువ్వు' అన్నారు. కిరాయిదారు హోదా పెరిగితే సర్వనామం తగ్గుతుంది కాబోలు. నాకు అది అవమానంగా తోచలేదు. మా మేనమామ తర్వాత నన్ను నువ్వు అన్నవారు లేరు.

"మరి కిరాయి ఎంత?" అని అడిగాను.

ఆయన కండువాలో మొహం పెట్టుకుని నవ్వారు. "ఇల్లుటానికి కిరాయేందిరా అయ్యా!"

ఇనాం భూమి వంటిదన్నమాట.

ముహూర్తం లేకుండా లోపలికి రాకూడదట. మాఘమాసంలో మంచిరోజు చూస్తారట. నా నక్షత్రం అడిగారు, చెప్పాను. ఆచారాలను గౌరవిస్తాను గానీ పురుగులు మాఘం దాకా ఆగవని మనవి చేశాను. సూక్ష్మదర్శినిని, తొట్టిని ముందుగా లోపలికి పంపటానికి ఒప్పుకున్నారు. "యంత్రానికి తిథేంది? రానియ్యి."

డిసెంబరు 7

నర్సింగమ్మ గారు చక్కెర పెట్టి, వెంటనే తల మీదికి కొంగు లాక్కుని, తలుపు చాటుకు పోయారు. ఇకమీదట నాతో సూటిగా మాట్లాడరట. వీధి అర్ర ఖాళీ అవుతుందని బాధ కాబోలు.

డిసెంబరు 9

ప్రయోగశాలలో పీర్ మహమ్మద్ ఎదురొచ్చి నన్ను కావలించుకున్నాడు.

"ముబారక్ సారు! తిరుమలగిరి దాక తెలిసింది."

పరిశోధనకు ఇంత ప్రచారం రావటం నాకు కొత్త. "ఇంకా తొలిదశలోనే ఉంది," అన్నాను.

"దావత్ ఎప్పుడు?"

"మొదటి పురుగు అతుక్కున్న రోజున."

అతను కాసేపు ఆలోచించి, "మీ దిక్కు గట్ల జేస్తరా?" అన్నాడు.

డిసెంబరు 12

లోపలి అర్రలో వెలుతురు శ్రేష్ఠం. రోజూ సాయంత్రం పని చేసుకోనిస్తున్నారు.

మంజులత గారు పురుగులను చూడటానికి రావటం లేదు. నేను అడుగుపెడితే ఆమె వంటింట్లోకి పోతారు. గాజులు మాత్రం వినబడతాయి. దీనికి ప్రయోగంతో సంబంధం లేదు.

డిసెంబరు 13

రాలేదు.

డిసెంబరు 15

పీర్ మహమ్మద్‌ను రెండు మూడుసార్లు అడిగాను, మంజులత గారికి పురుగులంటే ఆసక్తి తగ్గిందా అని. అతను నావైపు జాలిగా చూశాడు.

ఈరోజు ఒక పురుగు కుండపెంకు మీద చాలాసేపు నడిచింది. ఒకచోట ఆగి, చుట్టూ తిరిగి, తల ఆనించబోయి, మళ్లీ ఊడదీసుకుని నీళ్లలోకి లేచిపోయింది. దాని ఒంట్లో కొవ్వు చుక్కలు సన్నబడ్డాయి. ఎంతకాలం వెతకగలదో అంతకాలమే బతుకు. స్థలం నచ్చక పోవటం తప్పు కాదు. నచ్చిన స్థలాన్ని అనుమానించి లేచిపోవటం ఏమవుతుందో శాస్త్రంలో పదం లేదు.

వెలుతురు శ్రేష్ఠం. వెలుతురు మాత్రమే శ్రేష్ఠం.

డిసెంబరు 17

టేకుచెక్క ఒకటి తొట్టిలో వేస్తే తేలుతోంది. మునగటానికి దాని మీద బరువు పెట్టాలి. బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకునే ఆల్చిప్ప చేతికందితే అదే పెట్టాను. అది భీమిలి ఒడ్డున ఏరుకున్నది. ఎప్పుడో చచ్చిన ఒక పెంకుపురుగు అడుగుభాగం దాని మీద తెల్లని మచ్చలా మిగిలి ఉంది.

డిసెంబరు 18

ఆదివారం. అతుక్కున్నాయి.

చెక్క మీద కాదు, బరువుగా పెట్టిన ఆల్చిప్ప మీద. ఆ చచ్చిన పురుగు మచ్చ చుట్టూ. నేను ప్రత్యేకంగా ఎంపిక చేసి సమర్పించిన నాలుగు ఉపరితలాలనూ కాదని, కాగితాల మీది బరువును ఎంచుకున్నాయి. తమవాళ్లలో ఒకరు ఒకప్పుడు కాపురం చేసిన చోటు. ఏళ్లు గడిచి ఎండిపోయినా ఆ ఆనవాలు వాటికి తెలుస్తుంది. కంటితో కాదు, పాదంతో.

ఆనందం పట్టలేక ఇంటివారందరినీ పిలిచాను. పీర్ మహమ్మద్ కూడా ఉన్నాడు, దావత్ విషయమై విచారించటానికి వచ్చాడు. లింగస్వామి గారు చూశారు. మంజులత గారు చాలా రోజుల తర్వాత వచ్చి, తలుపు దగ్గర నిలబడ్డారు. నర్సింగమ్మ గారు కొంగు సవరించుకుని, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశారు. నాతో మాట్లాడకూడదు గనుక కూతురుతో మాట్లాడారు.

"తలకాయ ఏడున్నది అడుగవే."

"కింద ఉంది. తలనే అతికించుకుంది," అన్నాను.

"ఇగ పోదా?"

"పోదు."

"సచ్చేదాక?"

"చచ్చిన తర్వాత కూడా."

నర్సింగమ్మ గారు మర్యాదంతా మరిచి పకపకా నవ్వారు. "ఓ మంజులా! గిది గూడ ఇల్లుటం వచ్చిందే! సముద్రం ఇడిసిపెట్టి, మన సారు లెక్కనే, మనింటికి ఇల్లుటం వచ్చింది!"

అందరూ నవ్వారు. శాస్త్రీయ స్పష్టత కోసం నేను ఇలా అన్నాను: "క్షమించాలి. పురుగుకు కిరాయి లేకపోవటం నిజమే గానీ, ఇల్లుటం అనటం సరికాదేమో. అది అర్ర మార్పు ఒప్పందం కదా?"

నవ్వు ఒక్కొక్కరి దగ్గరే ఆగింది. ముందు పీర్ మహమ్మద్, తర్వాత లింగస్వామి గారు, ఆఖరున నర్సింగమ్మ గారు. మంజులత గారు మాత్రం మొదటినుంచీ నవ్వటం లేదని అప్పుడు గమనించాను.

ఆమె తరగతిలో అర్థం చెప్పే గొంతుతో చెప్పారు. "ఇల్లుటం. నామవాచకం. కొడుకులు లేనోళ్లు, బిడ్డను ఇచ్చి, అల్లున్ని తమ ఇంట్లనే ఉంచుకునుడు. మీ దిక్కు ఇల్లరికం అంటరు."

తర్వాత ఆమె వంటింట్లోకి వెళ్లారు. గాజులు వినబడలేదు.

డిసెంబరు 19

కళాశాల గ్రంథాలయంలో నిఘంటువు చూశాను. పదం ఉంది. ఇంతకాలమూ ఉంది. బీరువా తాళం మాత్రం ఈరోజే దొరికింది.

డిసెంబరు 20

ఏమీ లేదు.

డిసెంబరు 21

బదిలీ ఉత్తర్వు వచ్చింది. విశాఖపట్నం. 'అర్జీదారు కోరిక ప్రకారం.' జనవరి మొదటివారంలో చేరాలి. సముద్రానికి నడిచిపోయేంత దూరం.

నా కోరిక నెరవేరింది. ఈ వాక్యాన్ని మళ్లీ రాస్తున్నాను. నా కోరిక నెరవేరింది.

డిసెంబరు 22

లింగస్వామి గారు వచ్చారు. కండువా లేదు.

"ఆర్డరు వచ్చిందట గద సారు. పోయిరాండ్రి."

సారు. పోయిరాండ్రి. సర్వనామం యథాస్థానానికి వచ్చింది. నేను ఏదో చెప్పబోయాను. ఆయన చెయ్యి ఎత్తారు.

"మీ తప్పు లేదు, మా తప్పు లేదు. మాట నడుమల జారింది. చిటికిల ముడి తప్పు వడ్తె పోగు దెంపుతమా? విప్పుకొని మల్ల కట్టుకుంటం."

"చుట్టుపక్కల అందరికీ తెలిసిపోయిందని పీర్ మహమ్మద్ అన్నాడు."

"తెలిసింది. ఏమంటరు, సముద్రపోడు సముద్రానికే పాయె అంటరు. అననియ్యిన్రి." ఆయన వెళ్లబోతూ దర్వాజ దగ్గర ఆగారు. "పిల్లకే జర కష్టం. దాన్ని అడిగితినిగద సారు, ఇష్టమేనా అని. అది ఎన్నడు లేంది తల ఊపింది."

మగ్గం చప్పుడు ఈ పూట వినబడలేదు.

డిసెంబరు 23

మంజులత గారు చెంబు కోసం వచ్చారు. ఈ నెల నాలుగో తారీఖు నుంచీ ఆ చెంబు నా దగ్గరే ఉంది. తోమి పెట్టాను.

"అర్ర కావాల్నంటె అర్ర అడగాలె గద సారూ. శాశ్వతంగా అనుడెందుకు?"

"వెలుతురు గురించి..."

"వెలుతురు సంగతి ఇన్న. నేను రాకపోయేసరికి, ఎందుకొస్తలేదని పీర్ మహమ్మద్‌ను దినాం అడిగిన్రట. అప్పుడు కిటికీల వెలుతురు తక్కువైందా?"

ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వటానికి కొంత వ్యవధి కోరాను.

"తీసుకోండ్రి," అన్నారు ఆమె. "మీ బస్సు పోయేదాక ఉన్నది గద."

చెంబు తీసుకుని వెళ్లారు.

డిసెంబరు 25

సామాను సర్దాను. తొట్టిని ఏం చేయాలో తేలలేదు.

పురుగుల్లో ఒకటి రూపం మార్చుకుంది. ఈదే రోజుల్లో ఉన్న కళ్లు రాలిపోయాయి. చుట్టూ చిన్న తెల్లని గోడ లేచింది. కొనలో తలుపులు తెరిచి, ఈకల వంటి కాళ్లు బయటికి చాచి, నీళ్లలోంచి ఆహారాన్ని లోపలికి లాగుతోంది. సముద్రమంతా తిరిగే స్వేచ్ఛ ఉన్నప్పుడు దానికి ఒక్క మెతుకు తినే యోగ్యత లేదు. ఒకచోట తల ఆనించిన తర్వాతే ఆకలి పుట్టింది, ఆ ఆకలికి తిండి దొరికింది. ఈ క్రమాన్ని ఏర్పాటు చేసిన అధికారి ఎవరైనా సరే, వారికి నా నమస్కారం.

ఆల్చిప్పను విశాఖ తీసుకుపోదామనుకుని, దాని మీది పాత మచ్చను గోటితో గీకి చూశాను. రాలేదు. పెంకుపురుగును పీకితే పైగోడ ఊడివస్తుంది, అడుగు రాదు. అడుగు అతుక్కున్న చోటే ఉండిపోతుంది. ఈ వాక్యం నా పరిశోధన పత్రంలో మూడు చోట్ల ఉంది. ఇంతవరకూ దాన్ని పురుగు గురించే రాశాననుకున్నాను.

పెట్టెను తెరిచి, సర్దిన సామాను తీసేశాను.

డిసెంబరు 26

సెలవురోజు. మంజులత గారు వాకిట్లో పిల్లల పుస్తకాలు దిద్దుతున్నారు. ఎర్రసిరా.

"వ్యవధి పూర్తయింది," అన్నాను.

"చెప్పుండ్రి."

"తక్కువైంది. కిటికీలోనిది కాదు."

ఆమె పుస్తకం మూయలేదు. పెన్ను మాత్రం ఆపారు. "ఈసారి అర్థం తెలిసే మాట్లాడుతున్నరా? మల్ల ఏ అర్ర ఒప్పందమో అనుకుంటలేరు గద?"

"నిఘంటువు చూశాను."

"మా నాయిన ఒక్కపారి తల దించిండు. రెండోపారి దించనియ్య. నోటిమాట నమ్మ. మీకు రాసుడు మస్తు వచ్చుగద, రాసుకొని రాండ్రి. తప్పులుంటె దిద్దుత."

"తప్పులు ఎక్కువుంటే?"

"పదిసార్లు రాయిస్త. మా బడిల గదే పద్ధతి."

తలుపు చాటునుంచి నర్సింగమ్మ గారి గొంతు వినబడింది. "ఓ మంజులా, జర అలకటి మాటలల్ల రాయమను. నాకు గూడ సమజ్ కావాలె."

డిసెంబరు 27

రేపు ఉదయం సమర్పించబోయే పత్రం యొక్క శుద్ధప్రతి:

లింగస్వామి గారి ఇంటి లోపలి అర్ర మీద సర్వాధికారాలూ కలిగిన వారి సముఖానికి, వీధి అర్రలోని కిరాయిదారు అప్పలస్వామి నమోదు చేయించుకునే డిమాండ్లు:

1. విశాఖపట్నం బదిలీ ఉత్తర్వును ఈరోజు తిప్పి పంపాను. కారణం అన్నచోట, 'జిల్లాలో సాగర్ నిర్మాణం పూర్తయ్యేవరకూ అర్జీదారు ఓపిక పట్టదలచినాడు' అని రాశాను. దీన్ని అంగీకరించాలి.

2. ఈ నెల ఆరో తారీఖున లింగస్వామి గారి ప్రశ్నకు నేనిచ్చిన జవాబును, అర్థం తెలియక ఇచ్చినదైనప్పటికీ, అర్థం తెలిసి ఇచ్చినదిగా ఆ తారీఖు నుంచే లెక్కించాలి.

3. లింగస్వామి గారు నన్ను వెంటనే 'నువ్వు' అనాలి.

4. పై మూడింటిలో తప్పులు ఎర్రసిరాతో దిద్దవచ్చు. కింది దాన్ని మాత్రం దిద్దకుండా, నర్సింగమ్మ గారికి వినబడేటట్టు, ఒకసారి పైకి చదవాలి.

5. నేను ఇల్లుటం వస్త.